వైజాగ్ – గన్నవరం ఫ్లైట్: విమానంలో గంట, నేల మీద మూడు గంటలు

విశాఖ నుంచి గన్నవరానికి, అంటే విజయవాడ ఎయిర్‌పోర్టుకి, ఫ్లైట్ బాగుంటుందా అని మా కోర్టు ఆవరణలో జూనియర్లు తరచూ అడుగుతుంటారు. బాగుంటుంది. చిన్న విమానం, శుభ్రమైన సీటు, మర్యాదగా మాట్లాడే సిబ్బంది, గంటలో దింపేస్తారు. ఆ గంట గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. కానీ విజయవాడకు పని మీద వెళ్ళే మనిషికి అది సరైన దారేనా అంటే మాత్రం ఒక్క మాటలో చెప్పలేను. అది మీరు ఎక్కడ దిగాలి, ఎన్నింటికి అక్కడ ఉండాలి అన్న దాన్ని బట్టి ఉంటుంది. అందుకే ఈ రివ్యూ కొంచెం వివరంగా రాస్తున్నాను.

నేను విశాఖలో వకీలును, ఉండేది సీతమ్మధారలో. 2019 జనవరి 1న మన హైకోర్టు విడిగా మొదలై, ఆ మార్చిలో అమరావతిలోని నేలపాడు భవనంలోకి మారింది. అప్పటిదాకా హైకోర్టు పని అంటే హైదరాబాద్. సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లారి దిగడం, లేదా ఫ్లైట్. హైకోర్టు అమరావతికి వచ్చినప్పుడు దూరం సగానికి తగ్గిందని అందరం సంతోషించాం. దూరం నిజంగానే తగ్గింది. విశాఖ నుంచి శంషాబాద్‌కు విమానం దారి సుమారు 510 కిలోమీటర్లు, గన్నవరానికి సుమారు 290. కానీ టికెట్ మీద అచ్చయ్యే ప్రయాణ సమయాలు చూడండి. శంషాబాద్‌కు గంటా పావు, గంటా ఇరవై నిమిషాలు. గన్నవరానికి గంటా అయిదు, గంటా పది. దూరం 220 కిలోమీటర్లు తగ్గితే కలిసొచ్చింది పదో పదిహేనో నిమిషాలు. ఈ రూటును అర్థం చేసుకోవాలంటే మొదలుపెట్టాల్సింది ఇక్కడే.

రెండు ఎయిర్‌పోర్టుల పేర్లు కొట్టి దూరం, సమయం అడిగితే చాలా వెబ్‌సైట్లు వెంటనే జవాబిస్తాయి. 290 కిలోమీటర్లు, అంటే 180 మైళ్ళు, విమానం వాళ్ళ లెక్కలో 157 నాటికల్ మైళ్ళు. అంతవరకు సరే. ఆ పక్కనే 52 నిమిషాలనో, ఇంకా తక్కువగానో ప్రయాణ సమయం చూపిస్తాయి. చాలా చోట్ల ఆ లెక్క తీరు ఒకటే. గంటకు 500 మైళ్ళ వేగంతో దూరాన్ని భాగించి, ఎక్కడం దిగడం కోసం ఒక అరగంట కలుపుతారు. 500 మైళ్ళ వేగం పెద్ద జెట్ విమానానిది. ఈ రూటులో నేను ఎక్కువగా ఎక్కింది ఏటీఆర్ 72, రెండు ఫ్యాన్లు తిరిగే విమానం. దాని వేగం గంటకు 510 కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. జెట్ అయితే 800 దాటుతుంది. అలాగని ఈ దూరానికి జెట్ వేసినా పెద్దగా కలిసొచ్చేదేమీ లేదు. పైకెక్కి, వేగం అందుకుని, కాస్త నిలకడగా ఎగిరేలోపే దిగడం మొదలుపెట్టాలి.

ఇంకో సంగతి. టికెట్ మీద ఉన్న గంటా అయిదు నిమిషాలు గాలిలో ఉండే సమయం కాదు. విశాఖలో విమానం నిలిపిన చోటు నుంచి కదిలిన క్షణం మొదలు, గన్నవరంలో మళ్ళీ నిలిచే క్షణం దాకా లెక్క. రన్‌వే దాకా నడపడం, అనుమతి కోసం ఆగడం, దిగాక స్టాండు దాకా రావడం అన్నీ అందులోనే ఉంటాయి. గాలిలో ఉండేది నలభై, నలభై అయిదు నిమిషాలు. విశాఖ ఎయిర్‌పోర్టు నౌకాదళానిది. ఐఎన్ఎస్ డేగా స్థావరంలో మనకు ఇచ్చిన భాగంలోంచి పౌర విమానాలు నడుస్తాయి. నౌకాదళం ఎగిరే వేళల్లో మన విమానాలకు దొరికే స్లాట్లు, అంటే ఎగరడానికి, దిగడానికి ఇచ్చే వేళలు, తక్కువ. టేకాఫ్‌కు ముందు విమానం ఊరికే ఆగి ఉందని కంగారు పడకండి. ఆ ఆగడాన్ని కూడా లెక్కేసుకునే టైం ముద్రిస్తారు కాబట్టి, చెప్పిన టైంకంటే అయిదు పది నిమిషాలు ముందే దిగిన రోజులు నాకు బాగానే ఉన్నాయి. వానాకాలంలో మాత్రం విజయవాడ వైపు వెళ్ళేటప్పుడు గాలి ఎదురు. నైరుతి గాలి పడమటి వైపు నుంచి వీస్తుంది, మన విమానం వెళ్ళేదీ అటే. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనక నుంచి తోస్తుంది. తేడా కొద్ది నిమిషాలే.

ఇక అసలు లెక్క, ఇంటి గుమ్మం నుంచి కోర్టు గుమ్మం దాకా.

నేను ఎక్కిన ఉదయం ఫ్లైట్లు తొమ్మిదికి కాస్త ముందు బయలుదేరేవి. లగేజీ కౌంటరు గంట ముందు మూసేస్తారు, గేటు ఇరవై అయిదు నిమిషాల ముందు. సీతమ్మధార నుంచి ఎయిర్‌పోర్టు పన్నెండు కిలోమీటర్ల లోపే. కానీ ఎన్‌ఏడీ జంక్షన్ దాటాలి. ఫ్లైఓవర్ వచ్చాక నయం అయ్యింది గానీ పొద్దున స్కూలు బస్సులు, స్టీల్ ప్లాంట్ వైపు, ఫార్మా కంపెనీల వైపు వెళ్ళే బస్సులు ఒకేసారి దిగితే నమ్మకం లేదు. అందుకని ఏడు గంటలకు ఇంట్లోంచి కదలాలి. పది గంటలకు కాస్త ముందు గన్నవరంలో దిగుతాం. మెట్లు దిగి, నడిచి, బయటికొచ్చి కారెక్కేసరికి పది దాటుతుంది. అక్కడి నుంచి నేలపాడు నలభై కిలోమీటర్ల పైనే.

ఈ నలభై కిలోమీటర్ల గురించి ఏ టికెట్ మీదా ఉండదు. గన్నవరం ఎయిర్‌పోర్టు హైవే పక్కనే ఉంది, అది నిజంగా గొప్ప సౌకర్యం. కానీ ఆ హైవే మీద నిడమానూరు, ఎనికేపాడు, ప్రసాదంపాడు దాటి రామవరప్పాడు రింగు దగ్గరికి వచ్చేసరికి ఆఫీసుల వేళ. అక్కడి నుంచి బెంజి సర్కిల్, కనకదుర్గ వారధి, తాడేపల్లి. లేదంటే ప్రకాశం బ్యారేజీ మీదుగా ఉండవల్లి దాటి కరకట్ట రోడ్డు. రెండు దారుల్లోనూ గంటా పావు చెప్పుకోవచ్చు. కోర్టు గేటు దగ్గర దిగేసరికి పదకొండున్నరకు దగ్గర పడుతుంది. ఏడింటికి బయలుదేరితే నాలుగున్నర గంటలు. అందులో విమానం నడిపిన దూరం గంటలో పూర్తయింది, మిగిలిన మూడు గంటల పైచిలుకు నేల మీదే పోయింది. మా ఇంటి నుంచి నేలపాడుకు గీత గీస్తే 330 కిలోమీటర్లు. అంటే గుమ్మం నుంచి గుమ్మానికి సగటున గంటకు 75 కిలోమీటర్లు దాటలేదన్నమాట.

రైలు సంగతి చూద్దాం. 2023 సంక్రాంతికి మొదలైన వందేభారత్ మొదటి టైంటేబుల్ ప్రకారం విశాఖలో 5:45కు బయలుదేరి పదింటికల్లా విజయవాడ చేరుతుంది. ఇంట్లోంచి అయిదుకు బయటపడాలి. స్టేషన్ నుంచి నేలపాడుకు ముప్పావు గంట. పదకొండుకు ముందే కోర్టులో ఉంటాను. మొత్తం ఆరు గంటలు. ఫ్లైట్ కంటే ఒకటిన్నర గంట ఎక్కువ పట్టింది నిజమే, కానీ చేరింది అరగంట ముందు. పైగా ఆ నాలుగు గంటలూ బల్ల ముందు ఫైలు పెట్టుకుని చదువుకోవచ్చు, ఫోన్లో గుమస్తాతో మాట్లాడుకోవచ్చు. విమానంలో గంట ప్రయాణాన్ని ఎనిమిది ముక్కలుగా కోస్తారు. క్యూ, చెకింగు, గేటు, బస్సు, మెట్లు, బెల్టు, మళ్ళీ మెట్లు, మళ్ళీ క్యూ. ఒక పిటిషన్ పూర్తిగా చదివే వీలు ఎక్కడా దొరకదు. డిజియాత్ర వచ్చాక గేటు దగ్గర ముఖం చూపించి లోపలికి పోవడం తేలికైంది, అది రెండు ఎయిర్‌పోర్టుల్లోనూ ఉంది. సెక్యూరిటీ దగ్గర ఆగాల్సింది మాత్రం తప్పదు.

ఇంత చెప్పాక కూడా నేను ఆ ఫ్లైట్ ఎక్కుతూనే ఉన్నాను. ఎందుకంటే హైకోర్టులో మా ప్రయాణాన్ని నిర్ణయించేది దూరం కాదు, కాజ్ లిస్టు, అంటే ఆ రోజు విచారణకు వచ్చే కేసుల వరస జాబితా. ముందు రోజు సాయంత్రం లిస్టు పెడతారు. కోర్టు పదిన్నరకు కూర్చుంటుంది. మన కేసు మొదటి పదిహేనులో ఉంటే పొద్దున ఫ్లైటూ పనికిరాదు, వందేభారతూ పనికిరాదు. రాత్రి రైలెక్కి తెల్లవారుజామున విజయవాడలో దిగి, గదిలో స్నానం చేసి, గౌను చేతపట్టుకుని బయలుదేరడమే. కేసు అరవైలోనో డెబ్భైలోనో ఉంటే లంచ్ తర్వాతే వస్తుందని మా గుమస్తా ధీమాగా చెబుతాడు. "మేడమ్, మీరు పొద్దున ఫ్లైట్‌కి రండి, రెండున్నర లోపు రాదు," అంటాడు. అలాంటి రోజు ఈ ఫ్లైట్ లాంటిది ఇంకొకటి లేదు. రాత్రి ఇంట్లో నిద్రపోయి, పిల్లలతో కాఫీ తాగి బయలుదేరి, కోర్టు క్యాంటీన్లో భోజనం చేసి, తాజాగా నిలబడి వాదించవచ్చు. వీడియోలో వాదించే వీలు ఉన్నా, స్టే అడగాల్సిన రోజున న్యాయమూర్తి ముఖం చూసి మాట్లాడటం వేరు. క్లయింటు కూడా మనల్ని అక్కడ చూడాలనుకుంటాడు.

చిక్కల్లా ధర దగ్గర వస్తుంది. నెల ముందు చూస్తే మూడు వేల లోపు కనిపించే టికెట్, లిస్టు వచ్చిన సాయంత్రం చూస్తే అయిదు, ఆరు వేలు. ఒకోసారి ఇంకా ఎక్కువ. వందేభారత్ చెయిర్ కార్ సుమారు వెయ్యి రూపాయలు. మా వృత్తిలో ముందుగా కొనే వీలు లేదు, ఎందుకంటే కేసు ఏ రోజు ఎన్నో నంబరులో వస్తుందో ముందుగా తెలియదు. పెద్ద కంపెనీ కేసయితే ఖర్చు వాళ్ళు పెట్టుకుంటారు. పెన్షన్ రాలేదని రిట్ వేసిన రిటైర్డ్ టీచరు దగ్గర ఆరు వేల టికెట్ ఖర్చు ఎలా అడుగుతాను? ఆ కేసులకు నేను రైలులోనే వెళతాను. ఫ్లైట్ మీద నా అసలు బాధ ఇది. అవసరం ఎప్పుడు పడుతుందో ముందు తెలియని వాళ్ళకే, అంటే కోర్టు వాళ్ళకు, ఆస్పత్రి పని మీద వెళ్ళేవాళ్ళకు, చావుకబురు విని పరుగెత్తేవాళ్ళకే ఇది ఎక్కువ ఖరీదు.

ఒకసారి నా పక్క సీట్లో శ్రీకాకుళం వైపు పెద్దాయన కూర్చున్నారు. కూతురింటికి వెళుతున్నారట, అల్లుడు టికెట్ కొని పంపాడట. బెల్టు పెట్టుకున్నాక అడిగారు.

"పైనుంచి ఎంత దూరం ఉంటాదమ్మా?"

"రెండు వందల తొంభై కిలోమీటర్లండీ, బాబాయి గారూ."

"రైలుకి మూడొందల యాభై కదా. అరవైకేనా ఇంత ఖర్చు?"

ఆయన అడిగింది చాలా సరైన ప్రశ్న. ఆ మాట విన్నాక నేను ఇంటికొచ్చి మ్యాపు మీద స్కేలు పెట్టి చూశాను. విశాఖ ఎయిర్‌పోర్టు నుంచి గన్నవరానికి సూటిగా గీత గీస్తే అది తుని మీదుగా పోతుంది, రాజమండ్రి మీదుగా పోతుంది, ఏలూరు మీదుగా పోతుంది. అంటే దాదాపు మన రైలు మార్గమే. సామర్లకోట వైపు కాస్త వంపు తిరగడం తప్ప ఆ లైను వేసినవాళ్ళు ఎంత సూటిగా వేశారో అప్పుడు తెలిసింది. నేల మీద అంత తిన్నటి దారి ఉన్నచోట విమానం ఆదా చేయగలిగే దూరం పెద్దగా ఉండదు. వేగంలో ఆదా చేసిందంతా రెండు చివర్లా కార్లలో, క్యూల్లో ఖర్చయిపోతుంది.

మన రాష్ట్రంలోనే వేరే జత చూస్తే లెక్క తారుమారవుతుంది. విశాఖ – తిరుపతి విమానం దారి సుమారు 600 కిలోమీటర్లు. రైల్లో అయితే ఒక రాత్రంతా, ఇంకా కొంత పగలు. విజయవాడ – కడప గాలిలో 310 కిలోమీటర్ల చిల్లర, గన్నవరం – విశాఖ కంటే కాస్తే ఎక్కువ. కానీ మధ్యలో నల్లమల ఉంది, సూటిగా పోయే రైలు లేదు, రాత్రంతా బస్సులో కూర్చోవాలి. అక్కడ గంట ఫ్లైట్ ఒక పూర్తి పని దినాన్ని మిగులుస్తుంది. 2017 ఏప్రిల్ 27న చిన్న ఊళ్ళకు విమానాలు నడిపే కేంద్రం వారి ఉడాన్ పథకం మొదలైనప్పుడు మొదటి విమానాల్లో కడప – హైదరాబాద్ కూడా ఉంది. ఆ ఎంపిక ఎంత సబబో కడప వైపు నుంచి వచ్చే మా తోటి వకీళ్ళను అడిగితే చెబుతారు. వాళ్ళకు ఫ్లైట్ రద్దయిందంటే ఒక రోజు పోయినట్టే. నాకు రద్దయితే తర్వాతి రైలు ఉంటుంది. అందుకే రెండు ఊళ్ళ మధ్య కిలోమీటర్లు, నిమిషాలు మాత్రమే చూసి ఏ ఫ్లైట్ మేలో చెప్పడం కుదరదు. కింద నేల మీద ఏముందో కూడా చూడాలి.

విమానం లోపలి సంగతి. ఏటీఆర్‌లో సీట్లు అటు రెండు, ఇటు రెండు. మధ్య సీటు అనేదే లేదు, అందరికీ కిటికీయో నడవాయో దొరుకుతుంది. ఎక్కేది వెనక తలుపు నుంచి. కాబట్టి దిగగానే పరుగెత్తాలనుకునేవాళ్ళు వెనక వరసలు తీసుకోవాలి, పెద్ద విమానాల అలవాటుతో ముందు సీటు కోసం డబ్బు కట్టకండి. ముందు వైపు ఫ్యాన్ల పక్కన కూర్చుంటే హోరు ఎక్కువ, వెనక్కి పోయేకొద్దీ తగ్గుతుంది. ఎండాకాలం మధ్యాహ్నాల్లో కుదుపులుంటాయి, కడుపులో తిప్పేవాళ్ళు పొద్దున ఫ్లైట్ చూసుకోవడం మంచిది. నీళ్ళు ఇస్తారు, తినడానికి కొనుక్కోవచ్చు, కానీ ట్రాలీ మన వరస దాకా వచ్చేసరికి బెల్టు పెట్టుకోమంటారు. ఇంట్లో ఇడ్లీ తిని రండి.

మా వాళ్ళకు ముఖ్యమైన మాట లగేజీ గురించి. చేతి సంచి ఏడు కిలోలు. తల మీది అరలు ఏటీఆర్‌లో చిన్నవి, చక్రాల పెట్టె చాలాసార్లు పట్టదు. మెట్ల దగ్గరే ట్యాగు వేసి తీసుకుని కింద పెడతారు, దిగాక ఇస్తారు. బట్టలయితే ఫర్వాలేదు. కేసు కట్టలు మాత్రం అలా ఇవ్వకండి. నేను ఒరిజినల్ కాగితాలు, ఆ రోజు వాదించే ఫైలు గుడ్డ సంచిలో విడిగా పెట్టుకుంటాను, గౌను కూడా అందులోనే. అది సీటు కింద పడుతుంది. మిగతా సెట్లు గుమస్తా ముందు రోజు బస్సు పార్సిల్‌లో పంపించేస్తాడు. ఈ ఏర్పాటు అలవాటయ్యాక సెక్యూరిటీ దగ్గర నాకు టెన్షన్ లేదు.

ఇంక ఈ ఫ్లైట్‌ను నేను మనసారా ఇష్టపడే విషయం ఒకటుంది, దాన్ని నిమిషాల్లోనూ రూపాయల్లోనూ లెక్కకట్టలేను. ఏటీఆర్ ఈ దూరానికి పెద్ద ఎత్తుకు వెళ్ళదు. రెక్క కిటికీల పైన ఉంటుంది కాబట్టి కింద చూపుకు అడ్డం లేదు. విజయవాడ వెళ్ళేటప్పుడు ఎడమ వైపు కూర్చోండి. మొదట సముద్రం అంచు, కాసేపటికి తుని దగ్గర కొండలు, ఆ తర్వాత పచ్చదనం మొదలవుతుంది. రాజమండ్రి దగ్గర గోదావరి వచ్చినప్పుడు విమానంలో మాటలు తగ్గుతాయి. వంతెనలు వరసగా, పాత హేవలాక్ వంతెన, రోడ్డు కం రైలు వంతెన, విల్లులా వంగిన ఆర్చిల వంతెన. కాస్త దిగువన ధవళేశ్వరం ఆనకట్ట, అక్కడి నుంచి నది పాయలుగా విడిపోయి, కాలువలు గీతల్లా పొలాల్లోకి పోవడం. చిన్నప్పుడు బడిలో డెల్టా అంటే పలక మీద త్రికోణం గీసి చూపించారు. అది నిజంగా ఎలా ఉంటుందో నేను చూసింది ఈ ఫ్లైట్లోనే. ఇంకొంచెం పోతే కొల్లేరు, దాని చుట్టూ చేపల చెరువులు ఎండకు మెరుస్తూ. కుడి వైపు కూర్చున్నవాళ్ళకు కొండల వరసలు, దిగేముందు నూజివీడు వైపు మామిడి తోటలు. ఒక్క జాగ్రత్త. విశాఖ ఎయిర్‌పోర్టు నౌకాదళ స్థావరం కాబట్టి నేల మీద ఉన్నంతసేపూ ఫొటోలు తీయకూడదు. పైకి వెళ్ళాక తీసుకోండి.

గన్నవరం గురించి ఒక హెచ్చరిక. డిసెంబరు, జనవరి పొద్దుటి పూట అక్కడ పొగమంచు. చుట్టూ పొలాలు, కాలువలు, తేమ. ఒక జనవరిలో మేం గన్నవరం మీద గుండ్రాలు కొడుతూనే ఉన్నాం. కింద తెల్లటి దుప్పటి తప్ప ఏమీ కనిపించలేదు. పైలట్ మాటిమాటికీ మైకులో పరిస్థితి చెబుతూనే ఉన్నారు, అందుకు ఆయనకు దండం పెట్టాలి. చివరికి దిగాం గానీ, నా కేసు పిలిచే సమయానికి నేను రామవరప్పాడు రింగు దగ్గర ఉన్నాను. మా జూనియర్ అమ్మాయి లేచి వాయిదా అడిగింది, కోర్టు వారు దయతో ఇచ్చారు. ఆ రెండు నెలలూ పొద్దున ఫ్లైట్ మీద ఆధారపడి ముఖ్యమైన కేసు పెట్టుకోవద్దు. పొగమంచుకు రైళ్ళూ నెమ్మదిస్తాయి, కానీ మన కోస్తాలో అవి ఎలాగోలా చేరుస్తాయి.

సాయంత్రం తిరుగు ప్రయాణం ఇంకో కథ. కోర్టు నాలుగున్నర దాకా నడిస్తే, నేలపాడు నుంచి గన్నవరం ఏడు లోపు చేరడం కష్టమేమీ కాదు. ఆ తర్వాత ఫ్లైట్ ఉంటే రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటాను. సాయంత్రం వందేభారత్ ఎక్కితే ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి. కాబట్టి నా అనుభవంలో ఈ ఫ్లైట్ వెళ్ళేటప్పటికంటే వచ్చేటప్పుడే ఎక్కువ విలువైనది. కానీ సాయంత్రం సర్వీసు ఎప్పుడూ ఉంటుందన్న భరోసా లేదు. మార్చి చివరి ఆదివారం, అక్టోబరు చివరి ఆదివారం విమానాల షెడ్యూళ్ళు మారతాయి. ఈ రూటులో అలా మారినప్పుడల్లా ఒక సర్వీసు పోవడం, ఇంకొకటి రావడం, కొన్నాళ్ళు అసలు లేకపోవడం కూడా చూశాను. నేరుగా ఫ్లైట్ లేని రోజుల్లో టికెట్ సైట్లు హైదరాబాద్ మీదుగా ఆరేడు గంటల ప్రయాణం చూపిస్తాయి. అది ఎవరూ కొనకండి, రైలెక్కండి.

ఇప్పుడు భోగాపురం. గత కొన్నేళ్ళుగా మా ప్రాంతమంతా ఎదురుచూస్తున్న ఎయిర్‌పోర్టు అది, అల్లూరి సీతారామరాజు పేరు పెట్టారు, 2023 మే 3న శంకుస్థాపన జరిగింది. నౌకాదళం స్లాట్ల ఇబ్బంది ఉండదు, పెద్ద రన్‌వే, విదేశాలకు నేరుగా విమానాలు. విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళకు ఇది గొప్ప మేలు. నా పక్క సీటు పెద్దాయనకు ఎయిర్‌పోర్టు ఇంటి ముందుకొచ్చినట్టే. అమెరికాలో పిల్లలున్నవాళ్ళకూ మేలే. కానీ ఈ ఒక్క రూటు వరకూ చూస్తే, విశాఖ నగరంలో ఉండేవాళ్ళకు నష్టం తప్పదు. విజయవాడ నాకు నైరుతి దిక్కున ఉంది. భోగాపురం ఈశాన్యాన, నగరం నుంచి సుమారు 45 కిలోమీటర్లు. అంటే విజయవాడ వెళ్ళడానికి ముందు గంటకు పైగా వెనక్కి ప్రయాణం చేసి, అక్కడ విమానం ఎక్కి, మళ్ళీ మా ఇంటి మీదుగా ఎగిరి పోవాలి. గాజువాక వాళ్ళకు ఇంకా దూరం. అప్పుడు నా నాలుగున్నర గంటలు అయిదు దాటతాయి. వందేభారత్‌తో ఉన్న ఆ ఒకటిన్నర గంట తేడా కూడా తగ్గిపోతుంది.

గన్నవరం వైపు మాత్రం మెరుగయ్యే అవకాశం ఉంది. చిన్న ఆవుటపల్లి దగ్గర మొదలై గొల్లపూడి మీదుగా కృష్ణ దాటి కాజ వైపు వెళ్ళే పశ్చిమ బైపాస్ ఎయిర్‌పోర్టుకు దగ్గర్లోనే హైవేను కలుస్తుంది. ఆ దారిలో విజయవాడ ఊళ్ళోకి వెళ్ళకుండానే అమరావతి చేరవచ్చు. రామవరప్పాడు రింగు, బెంజి సర్కిల్ రెండూ తప్పితే ఆ గంటా పావు ముప్పావు గంటకు వస్తుందని నా అంచనా. ఒక చివర అరగంట పోయినా ఇంకో చివర అరగంట దొరుకుతుంది.

రేటింగ్ ఇవ్వమంటే విమానానికి, సిబ్బందికి అయిదుకు నాలుగున్నర. ధరకు రెండు. టైమింగులకు రెండున్నర, ఆ మార్కులు కోసింది ఒకే కారణానికి. పొద్దున సర్వీసు ఎక్కడో వేరే ఊళ్ళో బయలుదేరి, విశాఖకు వచ్చి, ఇక్కడ మనల్ని ఎక్కించుకుని పోతుంది. అందుకే అది పెందలాడే బయలుదేరలేకపోతోంది. ఒక్క ఏటీఆర్‌ను రాత్రి విశాఖలో నిలిపి, పొద్దున ఆరున్నరకు పంపితే ఏడున్నర దాటగానే గన్నవరంలో దిగుతాం. రామవరప్పాడు దగ్గర ఆఫీసు రద్దీ మొదలుకాకముందే ఊరు దాటేస్తాం, తొమ్మిదికి నేలపాడులో ఉంటాం. సచివాలయానికి పని మీద వెళ్ళే ఉద్యోగులు, ఫైళ్ళు పట్టుకుని తిరిగే కాంట్రాక్టర్లు, మేం, అందరం ఆ విమానం నింపుతాం. అలాంటి సర్వీసు వేస్తే లిస్టులో నా కేసు మొదటి పదిలో ఉన్న రోజు కూడా రాత్రి రైలు వదిలి దాంట్లోనే వెళతాను.